నూనె వద్దని చెప్పండి

ఏప్రిల్ 6

బావగారికి,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఎవరమూ క్షేమంగా లేం.

మొన్న సరుకుల జీపులో అక్కా పాపా దిగారు. ఈ డ్యాం కాలనీకి వారానికోసారి సరుకులూ టపా తెచ్చే జీపు అదొక్కటే. బస్తాల మధ్య ఇరుక్కుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది అక్క. "సెలవులకొచ్చావా?" అంటే, "వచ్చేశాను" అంది. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా మర్నాటికి గానీ నాకు తలకెక్కలేదు.

మీరు ఆరేడు నెలలుగా హాల్లో పడుకుంటున్నారట. స్నానాల గదిలోకి వెళ్తే ఒక పట్టాన బయటికి రారట. మీ బట్టలు మీరే తెల్లవారకముందు ఉతికేసుకుంటున్నారట. మీ చొక్కా జేబులో పేరు చింపేసిన మందు ట్యూబు దొరికిందట. అడిగితే "నీకెందుకు" అన్నారట. పదకొండేళ్ల కాపురంలో మీరు ఆ మాట ఎన్నడూ అనలేదని అక్కే చెప్పింది. చెప్పి ఏడ్చింది.

బయట ఎవరో ఉన్నారనీ, ఆవిడ దగ్గర్నుంచి ఏదో రోగం తెచ్చుకున్నారనీ అక్క నమ్మకం. నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదంటారు. అక్క మొహం చూసి చెప్పలేకపోతే నాకు రాయండి. ఇక్కడ ఫోను ఆఫీసులో ఒక్కటే. పక్కన నలుగురు చెవులు రిక్కించుకుని నిలబడతారు కాబట్టి ఫోను వద్దు.

మీ బావమరిది

*

ఏప్రిల్ 13

ఒరేయ్ బావమరిదీ,

నన్ను 'గారు' చేసేశావేంట్రా. ఆ ఒక్క మాట చదివాక మిగతా ఉత్తరం చదవడానికి ధైర్యం చాల్లేదు. టీ తాగి వచ్చి చదివాను.

ఎవరూ లేరు. పాప మీద ఒట్టు. నా మొహానికి ఇంకొకత్తె కూడానా? పొద్దున క్రేను ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగుతాను, మళ్లీ ఎక్కితే చీకటి పడ్డాకే దిగడం. పైన కాకులు తప్ప నన్ను పలకరించేవాళ్లు లేరు. ఇప్పుడు కడుతున్న బిల్డింగు ఇరవయ్యో అంతస్తు దాటింది. గాలి వీస్తే క్యాబిన్ ఊగుతుంది. మొన్న సిమెంటు తొట్టి పైకి లాగుతుంటే పావురం ఒకటి అందులో కూర్చుని పై అంతస్తు దాకా వచ్చింది. దాని దర్జా చూసి నవ్వుకున్నాను.

నాకు ఒంట్లో బాగుండటం లేదు. అంతే. పెద్దదేం కాదు, తగ్గిపోతుంది. తగ్గేదాకా మీ అక్కని అక్కడే ఉండనీ. నాకూ కాస్త తెరిపిగా ఉంటుంది.

పాపకి ఈ కాగితం వెనక పావురం బొమ్మ వేశాను. బాతులా వచ్చింది, పావురమనే చెప్పు.

నీ బావ

*

ఏప్రిల్ 21

బావగారికి,

మీ ఉత్తరం అక్క నా చేతిలోంచి లాక్కుని చదివింది. "తెరిపిగా ఉంటుంది" అన్న చోట వేలు పెట్టి నాకు చూపించింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ అంది: "ఒంట్లో బాగుండకపోతే మగాడు పెళ్లాన్ని రమ్మంటాడు. వెళ్లమనేవాడికి సేవ చేసే మనిషి వేరే ఉన్నట్టే కదరా."

దీనికి మీ దగ్గర జవాబుందా? ఏ రోగమో రాయరు, ఏ డాక్టరుకి చూపించారో రాయరు, పావురాల గురించి మాత్రం రాస్తారు. పాప ఆ బొమ్మని బాతే అంది.

పాపని ఇక్కడి బడిలో చేర్పిస్తానంటోంది అక్క. మీరు నిజం రాయకపోతే వచ్చే నెల పెద్దలని వెంటబెట్టుకుని నేనే వస్తాను. అప్పుడు నలుగురి మధ్యా చెప్పాల్సి వస్తుంది. మీ ఇష్టం.

మీ బావమరిది

*

ఏప్రిల్ 29

ఒరేయ్,

ఈ ఉత్తరం మీ అక్కకి చూపించకు. చదివాక కాల్చెయ్. ఒట్టు వేసుకున్నాకే కింద చదువు.

నాకు ఒంటేలు రావడం లేదురా.

రాసేశాను. ఏడాదిగా ఏ మనిషితోనూ అనని మాట. ఇంత చిన్నదా అనిపిస్తోంది కాగితం మీద చూస్తే.

నిరుడు ఎండలప్పుడు మొదలైంది. అక్కడ ముందు తోలు దురద పెట్టి, ఎర్రబడి, చీలికలు పడింది. చెమట అనుకున్నాను. తగ్గింది, మళ్లీ వచ్చింది. మానిన ప్రతిసారీ తోలు కొంచెం దగ్గరికి లాక్కుపోయింది. ఇప్పుడు తాడు లాగి బిగించిన సంచి మూతిలా ఉంది. వెనక్కి రాదు. ఒంటేలు ముందు ఆ తోలు లోపలే నిండి బుడగలా ఉబ్బుతుంది, ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా కారుతుంది. మంట చెప్పలేను. అయిపోయిందని లేచి ప్యాంటు సర్దుకుంటే లోపల మిగిలింది కాలి వెంట దిగుతుంది. ఆ వాసన నాకే తెలుస్తుంటే పక్కవాడికి తెలీదా? హాల్లో పడుకునేది అందుకు. బట్టలు ఉతుక్కునేది అందుకు.

క్రేను నడిపేవాళ్లం పైన ఒంటేలుకి సీసా పెట్టుకుంటాం, అందరి బతుకూ అదే. కొక్కానికి ఇనుప కడ్డీల కట్ట వేలాడుతుంటుంది, కింద సైగలవాడు చేతులూపుతుంటాడు, నేను ఒక చేత్తో సీసా పట్టుకుని పళ్లు బిగించుకుని ఉంటాను. అందుకని నీళ్లు తాగడం మానేశాను. నాలుక అట్టలా అయిపోతుంది. పోయిన వారం చలిజ్వరం వచ్చి చెయ్యి వణికింది, కట్ట పక్కకి ఊగింది. సైగలవాడు దూకి తప్పుకున్నాడు. లేకపోతే వాడు లేడు. కిందికి దిగాక "నిద్ర చాల్లేదా అన్నా" అన్నాడు. అవునన్నాను.

మీ అక్కతో... ఎలా రాయను. ఒకసారి చర్మం చిట్లి రక్తం వచ్చింది. ఆమె చూడకముందే దుప్పటి తీసేశాను. ఆ తర్వాత నుంచి దగ్గరికి వెళ్లలేదు. ఆమె చెయ్యి వేస్తే నిద్రపోయినట్టు పడుకున్నాను. నేను నిద్రపోవడం లేదని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని నాకు తెలుసు.

మందుల షాపులో తామర అని చెప్పి ట్యూబు కొన్నాను. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి గుమాస్తా అందరి ముందూ గట్టిగా "ఏంటి సమస్య?" అన్నాడు, దగ్గు అని చెప్పి దగ్గు మందు తెచ్చుకున్నాను. రెండోసారి మెట్ల దగ్గరే తిరిగొచ్చేశాను. చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే నరకం. కోసేస్తారని ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఎంత కోస్తారో ఎవరినడగను? లోపల గడ్డేమోనని ఇంకో భయం. పైన క్యాబిన్లో కూర్చున్నప్పుడు ఒక్కోసారి కింది దాకా ఎంత దూరమో చూస్తుంటాను. ఇది రాయకూడదు, రాశాను.

నీ స్నేహితుడికెవరికో అన్నట్టు ఎవరినైనా అడిగి చెప్పు.

నీ బావ

*

మే 7

బావా,

కాల్చేశాను. ఇంకెప్పుడూ 'గారు' అనను. నువ్వు కొట్టినా అనను.

కింది దాకా చూడకు. క్యాబిన్లో ఉన్నంత సేపూ ఎదురుగా చూడు. ఈ ఒక్కటీ నాకోసం చెయ్. ఈ మాట నీకు ఎదురుగా నిలబడి చెప్పాలి, కానీ ఎగువన అకాల వానలు మొదలయ్యాయి, డ్యాం గేట్ల దగ్గర్నుంచి మమ్మల్ని కదలనివ్వడం లేదు. నది నీళ్లన్నీ నా చేతిలో ఉంటాయి, మా బావకి మాత్రం చుక్క కదలదు. ఇది జోకు కాదు, అలా వచ్చేసింది.

ఇక్కడి స్టోర్లో సామాన్లు చూసే పెద్దాయనున్నాడు, లోకం చూసినవాడు. స్నేహితుడికని అడిగాను. ఆయన తేలిగ్గా నవ్వేశాడు. "దానికి డాక్టరెందుకు? గోరువెచ్చటి నీళ్లు, కాస్త నూనె. పళ్లు బిగించి ఒక్కసారి వెనక్కి లాగెయ్యమను. ఆ నొప్పి ఆ కాసేపే" అన్నాడు. ఆయన చెప్పిన తీరు చూస్తే నాకూ ధైర్యం వచ్చింది. చేసి చూడు బావా. ఇది పట్టుకెళ్లడానికి జీపు హారన్ కొడుతోంది.

అక్క సంగతి: నేను నీ మీద కోపం తగ్గించానని కనిపెట్టింది. ఉత్తరం ఏదిరా అంటే కాల్చానన్నాను. "అదెవరో నీకూ తెలుసన్నమాట. మగాళ్లంతా ఒక్కటే" అంది. రెండ్రోజులుగా నాతోనూ మాటల్లేవు. వడ్డించి వెళ్లిపోతోంది.

నీ బావమరిది

*

మే 10

బావా,

పోయిన ఉత్తరంలో రాసింది చెయ్యకు. చెయ్యకు.

ఈరోజు కాలనీకి డాక్టరు వచ్చాడు, నెలకోసారి వస్తాడు. పెద్దాయన చెప్పిన చిట్కా సరైందేనా అని అడిగాను. ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టేశాడు. బలవంతంగా లాగితే చర్మం వెనక ఉంగరంలా బిగుసుకుపోయి ముందుకు రాదట, రక్తం ఆడదట. చీలినచోట మానుతూ ఇంకా బిగుస్తుందట. "మీ స్నేహితుడికి షుగరు పరీక్ష చేయించారా?" అన్నాడు. పెద్దవాళ్లలో ఇది కొత్తగా వచ్చి మళ్లీ మళ్లీ పుండు పడుతుంటే ముందు షుగరు చూడాలట. మూత్రం పూర్తిగా బయటికి పోకపోతే వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయట. మూత్ర సమస్యలు చూసే డాక్టరే వేరే ఉంటాడట. మొదట్లో వస్తే పూత మందుతోనే తగ్గొచ్చు, ముదిరితే ముందు చర్మం ఒక్కటే తీసేస్తారు, మిగతాదంతా అలాగే ఉంటుంది. "ఇందులో సిగ్గుపడే పనేం లేదు, ఆలస్యం చెయ్యడమే తప్పు" అన్నాడు.

జీపు మళ్లీ వచ్చేదాకా ఈ కాగితం ఇక్కడే ఉంటుంది. అందుకని ఆఫీసుకి పరిగెత్తి, క్రేను మీద నీ ఫోను ఆపేసి ఉంటుందని మీ సైటుకి చేశాను. ఎవరో ఎత్తి, ఆయన క్రేను మీదున్నాడు, కబురు చెప్పండి అన్నాడు. నా పక్కన ఇంజనీరు, ఇద్దరు గుమాస్తాలు, ఫైళ్లు మోసేవాడు. ఎలా చెప్పను? "నూనె వద్దని చెప్పండి. ఆయనకి అర్థమవుతుంది" అని పెట్టేశాను. మళ్లీ చేద్దామంటే గాలివానకి లైను పోయింది.

నీకు అర్థమయ్యే ఉంటుంది. అయ్యిందని రాయి.

నీ బావమరిది

*

మే 19

ఒరేయ్,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. ఇది ఆసుపత్రి.

ఆఫీసతను నీ కబురు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు: "మీ బావమరిది చేశాడు. నూనె వద్దట." వంట నూనె సంగతేమో అనుకున్నాడు పాపం. నాకూ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పెద్దాయన చిట్కా రాసిన నీ ఉత్తరం అందింది. చదివి, ఓహో, ఇదన్నమాట అనుకున్నాను. మిగతాదంతా చెయ్యాలి, నూనె ఒక్కటీ వద్దు, మంట పుడుతుందేమో అనుకున్నాను. ఆదివారం సెలవు. వేడినీళ్లు పెట్టుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని, నూనె లేకుండానే లాగాను.

వెనక్కి వెళ్లింది. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను. మళ్లీ ముందుకి రాలేదు. చూస్తుండగానే ఉబ్బిపోయింది, రంగు మారింది. చుక్క కూడా ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా అయింది. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాను, గోడకి తల ఆనించి ఏడ్చాను, అరవకూడదని అప్పుడు కూడా ట్యాపు తిప్పి పెట్టాను. పక్కింటివాళ్లు వింటారని, చూడు. చచ్చిపోతూ కూడా సిగ్గే.

చివరికి నడవలేక సైగలవాడికి ఫోను చేశాను. వాడు బండి తెచ్చి, ఏమిటి ఎందుకు అనకుండా నన్ను ఎత్తుకుని దింపాడు.

చూసింది డాక్టరమ్మ. పాతికేళ్లు దాటి ఉండవు. నేను దుప్పటి వదల్లేదు. ఆవిడ లాగలేదు, నేను వదిలేదాకా నిలబడింది. చూసి, "ఎన్నాళ్లయింది?" అంది.

"నిన్నటి నుంచి."

"వాపు సంగతి కాదు అడిగేది."

"ఏడాది పైనే."

"ఇంట్లో తెలుసా?"

తెలీదన్నాను. ఆవిడ మత్తు సూది వేసి, బిగిసినచోట నిలువుగా గాటు పెట్టింది. గొట్టం వేశారు. సంచి నిండింది, మార్చారు, మళ్లీ నిండింది. నర్సు "ఇంత మోసుకుని ఎలా తిరిగావయ్యా" అంది. షుగరు చాలా ఎక్కువట. స్కానింగులో రెండు కిడ్నీలూ వాచాయి, ఎడమది బాగా దెబ్బతిందట. చర్మం ముక్క పరీక్షకి పంపారు. జ్వరం తగ్గితే ఆపరేషన్.

చెయ్యకు అన్న నీ రెండో ఉత్తరం సైగలవాడు మా ఇంటి నుంచి తెచ్చిచ్చాడు. ఇప్పుడే చదివాను. నీ తప్పేం లేదు. ఏడాది నోరు మూసుకున్నవాణ్ని నేను. నువ్వు నలుగురి మధ్య ఒక్కసారే మూసుకున్నావు.

నాకేమైనా అయితే మీ అక్కకి ఇంకే ఆడమనిషీ లేదని చెప్పు. ఇప్పుడే చెప్పకు. అయితేనే.

నీ బావ

*

మే 28

బావా,

చెప్పేశాను. నువ్వేయించుకున్న ఒట్టు తప్పాను. తిట్టుకో.

పాపని బయట ఆడుకోమని, అక్కని కూర్చోబెట్టి నీ ఉత్తరం చేతికిచ్చాను. నా వల్ల ఏం జరిగిందో నా నోటితో చెప్పే ధైర్యం లేక. చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. అంది: "ఇంకొకత్తె ఉందని ఇన్నాళ్లూ ఏడ్చాను. ఉన్నా బాగుండేదిరా. దాన్ని జుట్టు పట్టుకుని కొట్టేదాన్ని, ఈయన ఆరోగ్యంగా ఉండేవాడు." ఆ తర్వాత, "ఆ గోడ అవతల ఏడాది పాటు మూలిగితే నాకు వినపడలేదు. అత్తరు వాసన ఏమైనా వస్తుందా అని చొక్కాలు చూస్తూ కూర్చున్నాను" అని తల కొట్టుకుంది. ఆపలేకపోయాను.

స్టోరు పెద్దాయన దగ్గరికి పోట్లాటకి వెళ్లాను. మా బావ ప్రాణం మీదికి తెచ్చావు అని అరిచాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన అలాగే లాక్కున్నాడట. అప్పట్నుంచీ సన్నటి ధారే, ముక్కుతూనే పోస్తాడట. "వయసు మీద పడితే మగాళ్లందరికీ అంతేననుకున్నాను బాబూ" అన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆయన్నే డాక్టరుకి చూపించుకోమని చెప్పి వచ్చాను.

అక్కా పాపా ఇదే జీపులో బయల్దేరుతున్నారు. ఈ ఉత్తరం అక్క చేతికే ఇస్తున్నాను. ఆమె ఏమన్నా అననీ, నువ్వు మాత్రం నిద్ర నటించకు.

గేట్లు మూసిన రోజు నేనొస్తాను.

నీ బావమరిది

*

జూన్ 20

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్క ఇచ్చింది, కానీ వచ్చిన రోజు కాదు. మర్చిపోయిందట.

వచ్చిన రోజు వార్డు గుమ్మంలో నిలబడి ఒక్కో మంచం చూసుకుంటూ వచ్చింది. నన్ను దాటి వెళ్లిపోయింది, గుర్తుపట్టలేదు. పిలిచాను. వెనక్కి తిరిగి, ముందు నా మొహం చూసింది, తర్వాత మంచం పక్కన వేలాడే సంచి చూసింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను పరాయిదాన్నా?" అంది.

"కాదు. పరాయిదానివైతే చెప్పేసేవాణ్ని."

"అదేం మాట?"

"డాక్టరమ్మ పరాయిది కదా, ఆవిడకి చెప్పాను. నువ్వు నన్ను చూసే చూపు మారుతుందని భయపడ్డాను."

మీ అక్క నా మణికట్టు పట్టుకుని చూసింది. "మారింది," అంది. "ఇలా చిక్కిపోతే మారదా." లేచి, నిండిన ఆ సంచి సంగతి నర్సుకి చెప్పడానికి వెళ్లింది.

ఆపరేషన్ అయింది. ముందు చర్మం తీసేశారు, అంతే. ఇంత దానికా ఏడాది నరకం పడ్డాను అనిపించింది. ముక్క పరీక్షలో చెడ్డదేం లేదు. షుగరుకి మందులు ఇచ్చారు. మీ అక్క నా పళ్లెం మీద పోలీసులా కాపలా కాస్తోంది.

గొట్టం తీసిన రోజు నర్సు బోలెడు నీళ్లు తాగించి, "వెళ్లి ప్రయత్నించు" అంది. తలుపు వేసుకుని నిలబడ్డాను. ఏమీ రాలేదు. పళ్లు బిగించడం అలవాటైపోయింది కదా, అలాగే బిగించి నిలబడ్డాను. బయట మీ అక్క, "ముక్కకండీ, ఊరికే నిలబడండి" అంది, వరండా అంతా వినపడేలా. సిగ్గుతో నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వచ్చింది. ధారగా. చప్పుడు చేస్తూ. గోడ పట్టుకుని పెద్దగా ఏడ్చేశాను, ట్యాపు తిప్పలేదు.

ఇక రెండో సంగతి. కుడి కిడ్నీ వాపు తీసింది. ఎడమది తేరుకోదని నిన్న డాక్టరమ్మ చెప్పింది. ముందే వచ్చి ఉంటే అంది, ఆ పైన ఆపేసింది. క్రేను ఇక లేదు. చలిజ్వరంతో చెయ్యి వణికిన రోజు సంగతి నేనే సూపర్‌వైజరుకి చెప్పాను. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు, కానీ సైగలవాడు రోజూ నాకు టీ తెస్తుంటే దాచలేకపోయాను. విని వాడు, "నిద్ర చాల్లేదని అబద్ధం చెప్పావన్నమాట" అని రెండ్రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాడు. బాగయ్యాక కింద వాడి పక్కనే ఏదో పని చూస్తామన్నారు.

ఎడమ కిడ్నీ సంగతి మీ అక్కకి చెప్పాలా వద్దా అని సాయంత్రం దాకా ఆలోచించాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆపరేషన్ అయ్యి కాస్త నవ్వుతోంది, ఇంకో వారం ఆగుదాం అనుకున్నాను. ఆమె నా దుప్పటి సర్దుతూ, "ఏంటి, మళ్లీ నిద్ర నటిస్తున్నారా?" అంది.

కళ్లు తెరిచి అంతా చెప్పాను. ఏ మాట మింగకుండా, డాక్టరమ్మ ఆపేసిన మాటతో సహా. స్టూలు మీద కూర్చుని విన్నది. ఏడ్చింది, నేనూ ఆపలేదు. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, "రెండోదాన్ని ఎలా చూసుకోవాలో నేనే అడిగి వస్తాను, మీరు అడిగితే దగ్గు అని చెప్పొస్తారు" అని చెప్పులు వేసుకుంది.

నీ బావ